నారిస్‌లో ఇల్లు కొన్నాం

"ఫారగట్ వైపు అంత చక్కటి కొత్త ఇళ్ళు వస్తుంటే, పోయి పోయి ఆ కొండల్లో ఎనభై ఏళ్ళ నాటి ఇల్లు కొన్నారేమిటండీ?"

మన సంఘం ఉగాది వేడుకల్లోనో, దీపావళి భోజనాల దగ్గరో ఈ ప్రశ్న కనీసం యాభైమంది అడిగి ఉంటారు. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని, వెనక క్యూలో జనం తోస్తుంటే చెప్పగలిగే జవాబు కాదది. అందుకని "ఊరు బాగుందండీ" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి సంచిక సంపాదకులు "మీరూ ఏదో ఒకటి రాయాల్సిందే" అని పట్టుబట్టేసరికి, సరే, ఆ బాకీ తీర్చేద్దామని కూర్చున్నాను.

నారిస్ టెన్నెసీ రాష్ట్రానికి తూర్పున, అపలేచియన్ కొండల ఒడిలో, నాక్స్‌విల్‌కి ఉత్తరంగా సుమారు ఇరవై మైళ్ళ దూరంలో ఉంది. జనాభా పదహారు వందలు. మన వైపు దీన్ని ఊరు అనరు, పల్లె అంటారు. ఊరి చుట్టూ అడవి. ఆ అడవిలో రెండువేల ఎకరాలకు పైగా ఊరి సొంతం. ఊళ్ళోకి వచ్చే నారిస్ ఫ్రీవే మీద ప్రకటనల బోర్డులు పెట్టనీయకూడదని 1930లలోనే అనుకుని వేశారు. ఇప్పటికీ ఆ దారంట వస్తుంటే చెట్లే కనిపిస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు మలుపు దాటిపోయి రెండుసార్లు వెనక్కి తిరిగాం. "ఇక్కడ ఊరుందని వీళ్ళు దాచిపెట్టారా ఏమిటి?" అంది మా ఆవిడ.

ఈ ఊరు తనంతట తాను పుట్టింది కాదు. 1933 మే నెలలో రూజ్‌వెల్ట్ సంతకంతో టెన్నెసీ వ్యాలీ అథారిటీ ఏర్పడింది. అందరూ టి.వి.ఎ. అంటారు. ఆ సంస్థ కట్టిన మొట్టమొదటి ఆనకట్ట క్లించ్ నది మీది నారిస్ డ్యామ్. 1933 అక్టోబరులో పని మొదలుపెట్టి 1936 మార్చిలో పూర్తిచేశారు. 265 అడుగుల ఎత్తు, 1,860 అడుగుల పొడవు కాంక్రీటు కట్టడం. సివిల్ ఇంజనీరుగా చెప్తున్నాను, రెండున్నరేళ్ళలో అది మాటలు కాదు. ఇంకో విచిత్రం ఏమిటంటే కూలీలకు రోజుకు ఐదున్నర గంటల షిఫ్టులు. మిగిలిన సమయంలో ఏదైనా నేర్చుకోమని బడులు పెట్టారు. ఆ పనివాళ్ళు ఉండడానికి తాత్కాలికపు షెడ్లు వేసి తర్వాత పీకేయకుండా, శాశ్వతంగా నిలిచే ఊరే కట్టాలన్నది సంస్థ మొదటి అధ్యక్షుడు ఆర్థర్ మోర్గన్ పట్టుదల. ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆయన చెప్పిన ఉద్యానవన నగరం ఆలోచనను తీసుకుని ఎర్ల్ డ్రేపర్ అనే ప్లానరు ఊరిని గీశాడు.

అందుకే ఇక్కడ వీధులు గళ్ళు గీసినట్టుండవు. కొండ వాలు ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుంది. ఇళ్ళు చిన్నవి, ఒక్కోటీ ఒక్కో కోణంలో కూర్చుని ఉంటాయి. ప్రతి ఇంటికీ వరండా ఉంటుంది. ఊరి మధ్యన అందరికీ ఉమ్మడిగా పచ్చిక మైదానం. ఇళ్ళలో కరెంటుతో వెచ్చబెట్టే ఏర్పాటు అప్పుడే చేశారు. అదే సమయంలో చుట్టుపక్కల కొండల్లోని పల్లెల్లో చాలావాటికి కరెంటు స్తంభమే లేదు, కిరసనాయిలు దీపాలే.

2016లో మేమీ ఇల్లు చూసేనాటికి నేను ఓక్ రిడ్జ్‌లో పనిచేస్తున్నాను, మా ఆవిడ నాక్స్‌విల్‌లో డాక్టరు. ఇద్దరికీ ఊరు మధ్యలో పడుతుందన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి, వరండాలో నిలబడి వాన చూస్తుంటే నాకు ఆత్మకూరులో మా అద్దింటి పంచ గుర్తొచ్చింది. ఇలాంటి కారణాలు బ్యాంకువాళ్ళకు చెప్పుకోలేం కదా!

పాత ఇల్లు కొనాలనుకునే మిత్రుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఊరంతా 1975 నుంచి చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో ఉంది. అది వినగానే "అమ్మో, మేకు కొట్టాలన్నా వాషింగ్టన్ అనుమతి కావాలేమో" అని భయపడ్డాం. అదేం లేదు. ఆ రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన సొంత డబ్బుతో సొంత ఇంటిని బాగుచేసుకునేవాణ్ణి కేంద్రం ఆపదు. ఊరి నిబంధనలు ఏమిటో మాత్రం ముందే టౌన్ ఆఫీసుకు వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన రంగు ఉందేమో, అమ్మేవాళ్ళు తమకు తెలిసినంతవరకు చెప్పి తీరాలని చట్టం ఉంది. ఆ కాగితం తీరిగ్గా చదవండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే రెండుసార్లు చదవండి. ఈ ప్రాంతంలో సున్నపురాయి నేల ఎక్కువ, కాబట్టి రేడాన్ వాయువు పరీక్ష తప్పనిసరి అనుకోండి. లీటరుకు 4 పీకోక్యూరీలు, ఆపైన వస్తే బాగుచేయించాలని ప్రభుత్వం వాళ్ళ సలహా. మాకు అంతకంటే ఎక్కువే వచ్చింది. అమ్మేవాళ్ళతో బేరమాడి ఒక పైపు, ఒక ఫ్యాను పెట్టించాం, తగ్గింది. పాత వైరింగు మారిస్తేగాని ఇన్సూరెన్సు ఇవ్వమని ఒక కంపెనీ మొండికేసింది. దాంతో గోడలు విప్పాం. విప్పాక తెలిసింది, వైరింగు ఖర్చుకు మేమనుకున్నది సగమేనని.

వంటింటి గురించి మా ఆవిడ ప్రత్యేకంగా రాయమంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఉండాలి. పొగ బయటికి లాగే ఫ్యాను లేదు. మొదటిరోజు ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ పచ్చికలోకి పరుగెత్తాం. ఎదురింటి పెద్దావిడ మంటలేమోనని నీళ్ళ గొట్టం పట్టుకుని వచ్చింది. ఆవిడతో పరిచయం అలా మొదలైంది.

ఇంతవరకు చెప్పింది "ఊరు బాగుందండీ" అనే మాటకు కాస్త పొడుగు రూపం. ఇక అసలు బాకీ.

మాది అప్పటి కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో కృష్ణ ఒడ్డు పల్లె. "మాది" అన్నాను గాని నేను దాన్ని చూసిన గుర్తు లేదు. 1981లో శ్రీశైలం జలాశయం నింపేటప్పుడు సుమారు వంద ఊళ్ళు ఖాళీ అయ్యాయి, అందులో మాదీ ఒకటి. అప్పటికి నాకు రెండేళ్ళు. ఎడ్లబండి మీద ధాన్యం గాదె, దాని మీద నేను, పక్కన దూలాలు విప్పుకుని తెచ్చిన టేకు కట్టెలు అని అమ్మ చెప్తుంది. పొలానికి వచ్చిన డబ్బు మొదటి దఫా అప్పులకు పోయింది. రెండో దఫా కోసం నాయన కోర్టుల చుట్టూ పదేళ్ళు తిరిగాడు. మా వైపు రైతుల ఇళ్ళల్లో చనిపోయినవాళ్ళను పొలంలోనే పూడ్చి సమాధి కడతారు. మా తాత సమాధి అలాగే ఉండిపోయింది, దాని మీదికి నీళ్ళు వచ్చాయి.

ఇదంతా తెలిసి కూడా నేను సివిల్ ఇంజనీరింగే చదివాను. ఆనకట్టలు ఆధునిక దేవాలయాలని బళ్ళో నేర్పిన తరం మాది. ఆ దేవాలయాల శాస్త్రానికి మూలగ్రంథం ఎక్కడుందో కూడా చదువుకున్నాం. 1948లో ఏర్పడిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా టి.వి.ఎ.యే. దానికి తొలి ప్రణాళిక రాసిచ్చిన వూర్డుయిన్ టి.వి.ఎ. నుంచి వచ్చిన ఇంజనీరే. నారిస్ డ్యామ్ బొమ్మ నేను అనంతపురంలో విద్యార్థిగా ఉన్నప్పుడే చూశాను. దానివల్ల ఎన్ని ఇళ్ళు మునిగాయో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

ఇల్లు కొన్నాక ఒక శనివారం అప్పలేచియా మ్యూజియంకి వెళ్ళాం. ఊరికి దగ్గరే, పాత కలప ఇళ్ళు, మగ్గాలు, బాంజోలు అన్నీ సేకరించి పెట్టారు. 1969లో దాన్ని మొదలుపెట్టిన జాన్ రైస్ ఇర్విన్ 2022లో చనిపోయారు. ఆయన కుటుంబం నారిస్ జలాశయం కోసం ఒకసారి ఇల్లు వదిలింది. వెళ్ళి స్థిరపడిన చోటును మళ్ళీ 1942లో ఓక్ రిడ్జ్‌లో అణు కార్యక్రమం కోసం తీసుకున్నారు. అంటే నేను నిద్రపోయే ఊరి కోసం ఒకసారి, ఉద్యోగం చేసే ఊరి కోసం ఇంకోసారి! అది చదివిన రోజు ఇంటికొచ్చి లెక్కలు వెతికాను. నారిస్ జలాశయం కోసం కదిలించినవి 2,899 కుటుంబాలు. లాయ్‌స్టన్ అనే ఊరు మొత్తం నీళ్ళ కింద ఉంది. భూమికి సంస్థ కట్టిన ధరే ధర, బేరం లేదు. కౌలుదార్లకైతే భూమి కింద వచ్చేదేమీ లేదు. ఆ డ్యామ్ కట్టినవాళ్ళ కోసం వేసిన వరండాలో కూర్చుని నేను కాఫీ తాగుతున్నాను.

మా ఆవిడతో చెప్తే తను చాలాసేపు ఊరుకుని, "మరి మా సంగతి?" అంది. తనది నరసరావుపేట వైపు. సాగర్ కుడికాలువ వచ్చాకే వాళ్ళ మెట్టచేలు మాగాణి అయ్యాయి. "ఆ నీళ్ళు రాకపోతే మా నాన్న నన్ను ఎం.బి.బి.ఎస్. చదివించగలిగేవాడా? ఆ సాగర్ కింద మునిగినవాళ్ళు ఎవరో నేనెప్పుడైనా కనుక్కున్నానా?" అంది. ముంపు వాళ్ళొకరు, ఆయకట్టు వాళ్ళొకరు, ఒకే ఇంటి అప్పు మీద సంతకాలు పెట్టాం. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు, తెగుతుందని ఇద్దరికీ నమ్మకం లేదు.

రెండో సంగతి మా అమ్మాయి వల్ల బయటపడింది. 2019లో బడి ప్రాజెక్టు కోసం ఊరి చరిత్ర చదువుతూ, "నాన్నా, అప్పుడైతే మనల్ని ఇక్కడ ఉండనిచ్చేవాళ్ళా?" అని అడిగింది. నారిస్‌లో నల్లవాళ్ళకు ఇల్లు ఇవ్వలేదు. డ్యామ్ పనిలోకి తీసుకున్నారు, జనాభాలో వాళ్ళ వాటా ఎంతో ఆ మేరకు ఉద్యోగాలన్నారు. ఊళ్ళో నివాసానికి మాత్రం వీల్లేదన్నారు. 1934లోనే చార్లెస్ హూస్టన్, జాన్ డేవిస్ అనే ఇద్దరు 'ది క్రైసిస్' పత్రికలో దీన్ని ఎండగట్టారు. ఇళ్ళన్నీ సంస్థవే, అన్నీ అద్దెకిచ్చినవే కాబట్టి దస్తావేజుల్లో షరతు రాయాల్సిన పనే లేకపోయింది. 1948లో ఊరినంతా ఒక ప్రైవేటు బృందానికి అమ్మేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఇళ్ళు అందులో ఉండేవాళ్ళ సొంతమయ్యాయి. అప్పటికి ఊళ్ళో ఉన్నది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పక్కనే, జిల్లా కేంద్రమైన క్లింటన్‌లో 1956లో పన్నెండుమంది నల్లపిల్లలు హైస్కూల్లో అడుగుపెడితే ఊరు అట్టుడికింది. రెండేళ్ళ తర్వాత ఆ బడిని బాంబులతో పేల్చారు.

మనం ఆ లెక్కలో ఎక్కడ వస్తామో అమ్మాయికి చెప్పడం కష్టమైంది. 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరులు కాలేరని చెప్పింది. 1946లో ఆ దారి తెరిచారు, కొత్తగా వలస రావడానికి మాత్రం ఏడాదికి వందమందికే చోటు. ఇప్పటి మనలాంటి వాళ్ళం 1965 చట్టం తర్వాత వచ్చినవాళ్ళం. 1968లో ఇళ్ళ విషయంలో వివక్ష కూడదన్న చట్టం వచ్చింది. అది తెప్పించడానికి రోడ్డెక్కి దెబ్బలు తిన్నవాళ్ళలో మనవాళ్ళు లేరు. "అయితే మన తరఫున ఎవరో కొట్లాడారన్నమాట" అంది అమ్మాయి. అవునన్నాను. మేం ఇల్లు కొనేటప్పుడు రియల్టరు గాని, బ్యాంకు గాని, ఇరుగుపొరుగు గాని మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. ఏమాటకామాటే చెప్పాలి. అయినా ఆ ప్రశ్న తర్వాత ఇంటి దస్తావేజు ఫైలు తీసినప్పుడల్లా నాకు క్లింటన్ పిల్లలు గుర్తొస్తారు.

అమ్మ 2017 వసంతంలో వచ్చింది. నాయన పోయి అప్పటికి మూడేళ్ళు. నేను ముందుగా ఏమీ చెప్పలేదు, పిరికితనమే అనుకోండి. మూడోరోజు డ్యామ్ చూపించడానికి తీసుకెళ్ళాను. రెయిలింగు పట్టుకుని చాలాసేపు నీళ్ళ వైపు చూసింది.

"ఈడ గూడా ఊర్లు ముంచినారా?"

ముంచారని చెప్పాను.

"అయితే నువ్వు ఇల్లు కొనింది ముంచినోళ్ళ ఊర్లోనా?"

దీనికి ఎం.ఎస్. చదువులో జవాబు లేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. రెండు వారాలు వరండాలోకి రాలేదు. అత్తయ్యకు ఆరోగ్యం బాగాలేదేమోనని మా ఆవిడ బి.పి. చూసింది. బి.పి. బాగానే ఉంది.

చివరికి అమ్మను బయటికి తెచ్చింది ఎదురింటి పెద్దావిడ. నీళ్ళ గొట్టం పట్టుకొచ్చినావిడే. ఒకరోజు ఆవిడ తోటలోని బీన్స్ తెచ్చి ఇచ్చింది. మాటల్లో తెలిసింది, ఆవిడ తాతల పొలం కూడా లాయ్‌స్టన్ దగ్గర నీళ్ళ కిందే ఉందట. ఆవిడ పుట్టకముందే మునిగింది, పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చింది. మా అమ్మాయి ఇద్దరి మధ్యా దుబాసీ. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇల్లెంత, పొలమెంత అని కాదు. "మీ తాతల సమాధులు ఏమైనాయని అడుగు పాపా" అంది.

నీళ్ళు రాకముందే సంస్థవాళ్ళు సమాధులను తవ్వి వేరేచోటికి మార్చారు. ఐదువేలకు పైగా మార్చిన లెక్క ఉంది. బంధువులను అడిగి, ఎక్కడికి కావాలంటే అక్కడికి తరలించారు. కొందరు వద్దంటే అలాగే వదిలేశారు. పెద్దావిడ ముత్తవ్వను కొండ మీది ఒక చర్చి పక్కకు మార్చారట. ఆ ఆదివారం ఇద్దరూ ఆవిడ కారులో అక్కడికి వెళ్ళారు. మా అమ్మాయి కూడా వెళ్ళింది. అమ్మ మా పెరట్లో పూలు కోసుకుని కొంగులో కట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చి నాతో ఒకే మాట అంది: "వీళ్ళు చచ్చినోళ్ళనన్నా అడిగినార్రా. మన మామను ఆణ్నే వదిలిపెట్టి వస్తిమి."

దీనికి కూడా నా దగ్గర జవాబు లేదు. బతికున్న కౌలుదారుకు ఏమీ ఇవ్వని సంస్థ చచ్చినవాడి ఎముకలను జాగ్రత్తగా మోసిందని చెప్పొచ్చు. అది నిజమే. కాని అమ్మ అడిగింది దాని గురించి కాదు.

ఆ తర్వాత సంవత్సరం వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు అమ్మను తీసుకుని సంగమేశ్వరం వెళ్ళాను. అక్కడి గుడి జలాశయంలో మునిగే ఉంటుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. వేప కట్టె లింగానికి అమ్మ దండం పెట్టుకుంది. ఆ తర్వాత జీపు మాట్లాడుకుని మా ఊరి దిక్కుకు వెళ్ళాం. ఎండి బీటలిచ్చిన ఒండ్రు, అక్కడక్కడా పునాది రాళ్ళు. "ఇది చావిడి, ఇది రచ్చబండ, ఇది మీ చిన్నమ్మోళ్ళ ఇల్లు" అని చూపించుకుంటూ నడిచింది. సమాధి దొరకలేదు. మూడు గంటలు వెతికాం. ఉందనుకున్న చోట అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

నారిస్ జలాశయం మన దానికి తలకిందులు. ఇక్కడ వరదలు చలికాలం చివర, వసంతంలో వస్తాయి. అందుకని వాటికి చోటు ఉంచడానికి ముందే నీళ్ళు వదిలేస్తారు. వేసవిలో 1,020 అడుగుల మట్టం ఉంటే, జనవరికి ఇరవై అడుగుల దాకా దిగిపోతుంది. అప్పుడు ఒడ్డు పొడుగునా ఎర్రమట్టి బయటపడుతుంది. ఇది అమ్మకు ఒకసారి ఫోనులో వివరించాను. అప్పటినుంచి ప్రతి సంక్రాంతికి ఫోను చేసినప్పుడు పిల్లల సంగతి అడిగాక, "మీ కాడ నీళ్ళు దిగినాయా?" అని అడుగుతుంది. పెద్దావిడ ఒడ్డుకు వెళ్ళిందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. ఆవిడకిప్పుడు తొంభైకి దగ్గర, మేమే కారులో తీసుకెళ్తాం.

రోడ్డు బాగుంది, నాక్స్‌విల్ నుంచి అరగంట చాలు. వచ్చేటప్పుడు మాత్రం ఇండియన్ స్టోర్లో కరివేపాకు తీసుకురండి, ఇక్కడ దొరకదు. డ్యామ్ చూపిస్తాను, మ్యూజియం చూపిస్తాను. భోజనాలు వరండాలోనే, వంటింట్లో అంతమంది పట్టరు.